మూడు మీటర్ల బూమ్ కర్ర కొనాలా?

పర్లాకిమిడి నుంచి ఒక పాఠకురాలు రాసిన ఉత్తరం ఇది. పేరు ప్రకటించవద్దని కోరారు కనుక సారాంశం మాత్రమే ఇస్తున్నాం. ఆమె వయసు 27. పెదనాన్నగారి అబ్బాయి, అతని స్నేహితుడు, తాను కలిసి పెళ్లి వీడియోలూ చిన్న చిత్రాలూ తీస్తుంటారు. దర్శకత్వం, డబ్బు లెక్కలు అన్నయ్యవి, కెమెరా ఆ స్నేహితుడిది, శబ్దగ్రహణం ఈమెది. ఇప్పుడు పట్టణంలో కొమ్ముతో బొమ్మలు చేసే కుటుంబాల మీద ఒక డాక్యుమెంటరీ మొదలుపెట్టారు. అది పూర్తయ్యాక మహేంద్రగిరి వైపు సవర ఊళ్లకు వెళ్లి పెద్దల మాటలు, పాటలు రికార్డు చేయాలన్నది ఆలోచన. ఆమె దగ్గర రోడ్ కంపెనీ ఎన్‌టీజీ-2 మైకు, రెండు ఛానళ్ల చిన్న రికార్డరు, మంచి హెడ్‌ఫోన్ ఉన్నాయి. కొసన మైకు తగిలించి చాపే బూమ్ కర్ర లేదు. గోడలకు రంగులు వేసేవారు వాడే, సాగదీసే రోలరు కర్రకు టేపుతో మైకు కట్టి ఇన్నాళ్లూ నెట్టుకొచ్చారు. దాని కీళ్లు టకటకలాడుతున్నాయి, రోజు గడిచేసరికి ఎడమ భుజం లాగేస్తోంది. మొన్న ఒక పెద్దాయన తన తండ్రి గురించి చెబుతుండగా మైకు ఫ్రేములోకి దిగింది. ఆయన ఆ మాట మళ్లీ చెప్పలేదు. తప్పంతా తనదేనని ఇద్దరూ అన్నారని ఆమె బాధ.

శబ్దం కోసం ముగ్గురూ కలిసి 15,000 రూపాయలు పక్కన పెట్టుకున్నారు. కొంటే పొడుగుదే ఒక్కసారి కొనేద్దామని, మూడు మీటర్ల అల్యూమినియం కర్ర తీసుకుందామని అన్నయ్య అంటున్నారు. కర్రే అక్కరలేదు, ఆ డబ్బుతో బట్టలకు తగిలించే రెండు కాలర్ మైకులు వస్తాయి, పైగా ఐదడుగుల మనిషివి, నువ్వు మోయలేవు అని కెమెరా మిత్రుడు అంటున్నారు. లోపల కేబుల్ ఉన్న రెండున్నర మీటర్ల కార్బన్ ఫైబర్ కర్ర మీద ఈమెకు మనసుంది, కానీ దానికే దాదాపు డబ్బంతా అయిపోతుంది. బరంపురంలో మూసేస్తున్న ఒక స్టూడియోలో వాడిన కార్బన్ కర్ర ఒకటి అమ్మకానికి ఉందట. "ఏది కొనాలి, ఇంట్లో గొడవ లేకుండా ఎలా చెప్పాలి?" అని అడిగారు.

మీ ఉత్తరంలో మూడు ప్రశ్నలు ఒకదానిలో ఒకటి చిక్కుకుని ఉన్నాయి. మాటను ఏ మైకుతో పట్టాలన్నది ఒకటి, కర్ర ఎలాంటిదై ఉండాలన్నది రెండోది, షాటు చెడిపోతే బాధ్యత ఎవరిదన్నది మూడోది. మీ ముగ్గురూ వీటన్నిటినీ కలిపి కర్ర పొడవు మీద వాదించుకుంటున్నారు. ముందుగా వాటిని విడదీసుకుందాం.

బూమ్ కర్ర చేసే పని ఒక్కటే. కెమెరాకు కనబడకుండా మైకును నోటికి దగ్గరగా చేరుస్తుంది. నోటికీ మైకుకూ మధ్య దూరం రెట్టింపైతే నేరుగా వచ్చే గొంతు ఆరు డెసిబెల్స్ (శబ్ద తీవ్రతకు కొలత) తగ్గుతుంది, ఫ్యాను మోతా గోడల ప్రతిధ్వనీ మాత్రం తగ్గకుండా అలాగే ఉంటాయి. కెమెరా మీద పెట్టిన మైకు మనిషికి రెండు మీటర్ల దూరంలో ఉంటే, కర్ర చివరి మైకు అర మీటరులో ఉంటే, ఆ ఒక్క తేడాతోనే గొంతు పన్నెండు డెసిబెల్స్ పైకి వస్తుంది. ఎంత ఖరీదైన మైకు కొన్నా ఈ దూరపు లెక్కను దాటలేరు. కనుక మీ పనిలో మైకు నోటికి 30 నుంచి 60 సెంటీమీటర్లలో ఉండేలా ఎంత పొడవు కావాలో, అంతే మీకు కావలసిన కర్ర. అంతకు మించిన పొడవు వల్ల మేలేమీ లేదు, దాని బరువు మాత్రం మీ భుజం మీద పడుతుంది.

ఆ పొడవును ఊహతో తేల్చనక్కరలేదు, లెక్క కట్టవచ్చు. 16:9 ఫ్రేములో (వెడల్పు 16 పాళ్లు, ఎత్తు 9 పాళ్లు) నిలబడ్డ మనిషిని తల నుంచి పాదాల దాకా చూపించాలంటే ఫ్రేము ఎత్తు సుమారు 2.2 మీటర్లు ఉండాలి, అప్పుడు వెడల్పు 3.9 మీటర్లవుతుంది. మనిషి మధ్యలో ఉంటే మీరు కనీసం రెండు మీటర్లు పక్కకు జరిగి నిలబడాలి. మీ రెండు చేతుల మధ్య ఉండే భాగం దానికి కలిపితే మూడు మీటర్ల కర్ర అవసరమవుతుంది. అన్నయ్య లెక్క ఇక్కడ సరిగ్గానే ఉంది. అయితే కొమ్ము పనివారు కింద కూర్చుని ఆకురాయి పడుతూ మాట్లాడుతుంటే మీరు తీసే షాట్లలో చాలా భాగం నడుము నుంచి పైకి లేదా ముఖం వరకే ఉంటాయి. ఫ్రేము ఎత్తు 60 సెంటీమీటర్లయితే వెడల్పు ఒక మీటరు పైచిలుకు మాత్రమే. అక్కడ రెండు మీటర్ల కర్ర సరిపోగా ఇంకా మిగులుతుంది. మీరు ఇప్పటివరకు తీసిన ఫుటేజీ ముందు పెట్టుకుని, ఎవరైనా మాట్లాడే షాట్లలో నిజంగా వైడ్ ఎన్ని, దగ్గరివి ఎన్ని అని ముగ్గురూ కలిసి ఒకసారి చూడండి. వైడ్ షాట్లో మాట అవసరమే లేకపోతే, ఆ మాట దగ్గరి షాట్ నుంచి తెచ్చి అతికించగలిగితే, మూడు మీటర్ల వాదన చాలావరకు బలహీనపడుతుంది. పెళ్లిళ్లలో మంటపం చుట్టూ జనం ఉన్నప్పుడు దూరం నుంచి మైకు చాపాల్సి వస్తుందని మీ అన్నయ్య అంటే మాత్రం ఆ మాటను కొట్టిపారేయకండి.

ఇక బరువు సంగతి. మోయలేవు అన్న మాటకు కోపం తెచ్చుకోకుండా ఈ లెక్క చూడండి. మూడు మీటర్ల అల్యూమినియం కర్ర 900 గ్రాములు ఉందనుకుందాం. కొసన మీ ఎన్‌టీజీ-2 బరువు 161 గ్రాములు, దానితో పాటు షాక్ మౌంట్ (కర్ర చప్పుడు మైకుకు చేరకుండా ఆపే పట్టు), గాలిని ఆపే బొచ్చు తొడుగు, కేబుల్ కొస అన్నీ కలిపి 400 గ్రాములు అనుకుందాం. మొత్తం 1.3 కిలోలు. ఇది చూసి ఎవరైనా తేలికేనంటారు. కానీ వెనక చెయ్యి కర్ర చివరన, ముందు చెయ్యి దానికి 60 సెంటీమీటర్ల ముందు ఉంటే, ముందు చేతి మీద పడే బరువు దాదాపు నాలుగు కిలోలు. వెనక చెయ్యి రెండున్నర కిలోలకు పైగా కిందికి నొక్కి పట్టాలి. ఏతం మీద నీళ్లు తోడినప్పుడు చేతికి తెలిసే బరువు బానలో ఉన్న నీటిది మాత్రమే కానట్టే, ఇక్కడ కూడా బరువుకంటే అది ఎంత దూరాన వేలాడుతోందన్నదే ముఖ్యం. అదే కర్రను, అంతే పొడవున, చేతుల మధ్య దూరం 90 సెంటీమీటర్లు చేసి పట్టుకుంటే ముందు చేతి మీది భారం 2.6 కిలోలకు దిగుతుంది. కర్రను రెండు మీటర్లకే సాగదీసి వాడితే రెండు కిలోల లోపుకు వస్తుంది. మీరు కోరుకున్న రెండున్నర మీటర్ల కార్బన్ కర్ర 600 గ్రాములు ఉంటే, దాన్ని పూర్తిగా సాగదీసి 90 సెంటీమీటర్ల పట్టుతో ఎత్తినా భారం రెండు కిలోల లోపే. అంటే రెండు మీటర్లకు సాగదీసిన చవక అల్యూమినియం కర్ర, పూర్తిగా సాగదీసిన ఖరీదైన కార్బన్ కర్ర మీ భుజానికి ఇంచుమించు ఒక్కటే. మీ డబ్బు ఎటు వెళ్లాలో నిర్ణయించుకునే ముందు ఈ ఒక్క విషయం ముగ్గురూ కలిసి అర్థం చేసుకుంటే సగం వాదన తగ్గుతుందని నా ఉద్దేశం.

మీ ఎడమ భుజం నొప్పికి కారణం బలహీనత కాకపోవచ్చు. చాలామంది కొత్తలో కర్రను గాలం పట్టినట్టు ఛాతీకి ముందు, మోచేతులు వంచి పట్టుకుంటారు. అప్పుడు భారమంతా కండరాలే మోయాలి. రెండు చేతులూ తల మీదికి ఎత్తి, మోచేతులు చాలావరకు నిటారుగా ఉంచి, చేతులు వెడల్పుగా చాపి, కర్రను తలకు పైన అడ్డంగా పట్టుకుంటే బరువు ఎముకల మీదుగా నడుములోకి, కాళ్లలోకి దిగుతుంది. షాటు పూర్తి కాగానే కర్రను దించి, కెమెరా సర్దుకునే సమయమంతా భుజాలకు విశ్రాంతి ఇవ్వండి. లైటు సరిచేస్తున్నంతసేపు కూడా బూమ్ ఎత్తి నిలబడమని ఎవరైనా అడిగితే మర్యాదగా కాదనండి. ఎత్తు తక్కువన్న మాటకు ఒక ముక్కాలి పీట చాలు. కూర్చుని మాట్లాడే మనుషుల విషయంలో ఆ పీట కూడా అక్కరలేదు. నొప్పి చేతి కిందికి పాకుతున్నా, విశ్రాంతి తీసుకున్నా తగ్గకపోయినా కర్ర మార్చడం కంటే ముందు వైద్యుడికి చూపించుకోవాలి. ఇంకొక చిన్న మాట: గాజులూ ఉంగరాలూ తీసి పని మొదలుపెట్టండి. లోహం కర్రకు తగిలినప్పుడు వచ్చే చప్పుడు నేరుగా మైకులోకి వెళుతుంది, దాన్ని ఎడిటింగులో తీసివేయడం చాలా కష్టం.

కార్బన్, అల్యూమినియం మధ్య తేడాలు బరువుతో ఆగవు. కార్బన్ కర్ర బిగువుగా ఉంటుంది, సాగదీసినప్పుడు కొస తక్కువగా వాలుతుంది, చేతి కదలికల చప్పుడు కూడా అందులో తొందరగా అణిగిపోతుంది. కానీ అది బలంగా దెబ్బ తింటే పైకి కనబడని చీలిక వస్తుంది, తరవాత ఏదో ఒక రోజు ఉన్నట్టుండి విరుగుతుంది. అల్యూమినియం వంగుతుంది, సొట్ట పడుతుంది, ఆ సొట్ట పడిన చోట కర్ర లోపలికి ముడుచుకోవడం మానేస్తుంది, అయినా ఆ రోజు పని గడుస్తుంది. బస్సు పైన సామాను వేసే ప్రయాణాలు, గుణుపురం రైల్లో నిండుగా ఉన్న బోగీలు మీ పనిలో భాగమని రాశారు కనుక ఈ విషయం పట్టించుకోవాలి. ఏ కర్ర కొన్నా దానికి సరిపోయే పీవీసీ పైపు ముక్క, రెండు మూతలు తెచ్చుకుని అందులో ఉంచి తీసుకువెళ్లండి. ఆ పైపు ఏ ఖరీదైన సంచి కంటే మెరుగ్గా కాపాడుతుంది.

ముడుచుకున్నప్పటి పొడవు కూడా అడిగి తెలుసుకోండి. ఒకే పొడవు కర్రను నాలుగు ముక్కలుగా చేస్తే ముడిచినప్పుడు కొంచెం పొడుగ్గా ఉంటుంది, ఆరు ముక్కలుగా చేస్తే సంచిలో పట్టేంత పొట్టిగా అవుతుంది. కానీ ప్రతి కీలూ ఊగడానికి, చప్పుడు చేయడానికి, ఇసుక చేరడానికి ఒక అవకాశం. గోపాల్‌పూర్ ఒడ్డున పెళ్లి ఫొటోల కోసం తరచూ వెళ్లేవారు ఆరు ముక్కల కర్ర కొంటే కీళ్లు తుడుచుకోవడమే పనవుతుంది. మీకు నాలుగు, ఐదు ముక్కలవి సరిపోతాయనిపిస్తోంది. సాగదీసేటప్పుడు ప్రతి ముక్కనూ చివరికంటా లాగకుండా కొన్ని అంగుళాలు లోపలే ఉంచండి, కీలు మీద ఒత్తిడి తగ్గుతుంది. కీళ్లకు నూనె రాయకండి, పొడి గుడ్డతో తుడిస్తే చాలు. నూనె దుమ్మును పట్టి ఉంచుతుంది. వానలో తడిస్తే విప్పి ఆరబెట్టిన తరవాతే ముడవాలి.

కేబుల్ విషయంలో మీ మనసు లోపల కేబుల్ ఉన్న కర్ర వైపు ఉంది. కారణం నాకు అర్థమవుతోంది. విప్పగానే పని మొదలవుతుంది, పొడవు మార్చినప్పుడల్లా కేబుల్ చుట్టుకోనక్కరలేదు, చూడటానికీ శుభ్రంగా ఉంటుంది. ఇద్దరు ముగ్గురే ఉన్న బృందానికి ఆ వేగం విలువైనదే. అయితే లోపలి కేబుల్ చుట్టలుగా ఉండేది కనుక మైకును ఒక మనిషి నుంచి మరో మనిషి వైపు చటుక్కున తిప్పినప్పుడు అది గొట్టం గోడకు తగిలి గలగలమంటుంది. పైగా బరువు పెరుగుతుంది, ఒకవేళ లోపల తీగ తెగితే పర్లాకిమిడిలో దాన్ని బాగుచేసేవారు దొరుకుతారా అన్నది మీరే ఆలోచించుకోవాలి. కొనే ముందు లోపలి కేబుల్ విప్పి తీయడానికి వీలుందా, మైకు కేబుళ్లకు ఉండే మామూలు మూడు పిన్నుల ఎక్స్‌ఎల్‌ఆర్ కొసలేనా అని అడగండి. కేబుల్ కర్ర అడుగు నుంచి బయటికి వచ్చేదైతే కర్రను నేల మీద నిలబెట్టి ఊపిరి తీసుకోలేరు, పక్క నుంచి వచ్చేదైతే నిలబెట్టవచ్చు. షాట్ల మధ్య మీ భుజానికి దొరికే విరామమంతా ఈ చిన్న తేడా మీద ఆధారపడి ఉంటుంది, అయినా దీన్ని ఎవరూ అడగరు.

కేబుల్ లేని కర్ర కొంటే తీగను బయట చుట్టుకోవాలి. కొసన కొంచెం వదులు ఉంచి షాక్ మౌంట్ దగ్గర ఒక కట్టు, అక్కడి నుంచి వదులు లేకుండా రెండు మూడు చుట్లతో అడుగు దాకా తెచ్చి ఇంకో కట్టు వేస్తే చప్పుడు రాదు. పెద్ద పెద్ద యూనిట్లలోనూ కేబుల్ లేని కర్రలనే ఇష్టపడే బూమ్ ఆపరేటర్లు ఉన్నారు కనుక ఇది చవకబారు పద్ధతి అనుకోకండి. మీ ఎన్‌టీజీ-2కి ఇంకొక వెసులుబాటు ఉంది, అది రికార్డరు కేబుల్ ద్వారా ఇచ్చే 48 వోల్టుల కరెంటు (ఫాంటమ్ పవర్) మీదే కాక ఒక ఏఏ బ్యాటరీతోనూ పనిచేస్తుంది. రేపు కేబుల్ బదులు వైర్‌లెస్ ట్రాన్స్‌మిటర్ తగిలించాలనుకున్నా ఇబ్బంది ఉండదు, ఆ ట్రాన్స్‌మిటర్‌ను కొసన కాక కర్ర అడుగున తగిలిస్తే అది ఎదురు బరువుగా కూడా పనికొస్తుంది.

కాలర్ మైకుల వాదనను కూడా న్యాయంగా చూడాలి. నడుస్తూ మాట్లాడే మనిషి, దూరపు వైడ్ షాటు, పెళ్లి పీటల మీది పురోహితుడు, ఇక్కడ కాలర్ మైకును మించింది లేదు. కర్ర పట్టే మనిషి లేకుండా ఇద్దరే వెళ్లవలసిన రోజుల్లో అదే గతి. కానీ పనిచేస్తూ ఒంటి మీద కండువా ఒక్కటే ఉన్న పనివారికి మైకు ఎక్కడ తగిలిస్తారు? కండువా మడతలో దాస్తే ఆకురాయి పట్టినప్పుడల్లా గుడ్డ రాపిడి వినబడుతుంది. చీర కొంగు, చలికి కప్పుకున్న దుప్పటి కింద పెడితే గొంతులోని పదును పోతుంది. సవర ఊళ్ల విషయంలో ఇది ఇంకా ముఖ్యం. సవర భాషలో మాట చివర గొంతు నొక్కి ఆపినట్టు పలికే హల్లులు ఉంటాయి. మీ ఊళ్లోనే ఉపాధ్యాయుడిగా పనిచేస్తూ గిడుగు రామమూర్తి పంతులుగారు సవర నేర్చుకుని, దానికి వ్యాకరణం, నిఘంటువు కూర్చారంటే ఆ ధ్వనులను ఎంత జాగ్రత్తగా విని ఉంటారో ఆలోచించండి. గుడ్డ కింద దాచిన మైకులో మొదట పోయేవి అలాంటి సన్నని ధ్వనులే. మీ రికార్డింగు రేపు ఆ భాష చదువుకునేవారికి కూడా పనికిరావాలంటే, ఫ్రేము పైనుంచి నోటి వైపు చూసే బూమ్ మైకును వదులుకోకూడదని నేను భావిస్తాను. రెండు ఛానళ్ల రికార్డరు ఉంది కనుక ఒకదానిలో బూమ్, రెండోదానిలో కాలర్ మైకు పట్టి ఎడిటింగులో ఏది బాగుంటే అది వాడుకోవచ్చు.

ఇంకొక దారి మీ ముగ్గురికీ తట్టినట్టు లేదు. కూర్చుని మాట్లాడే ఇంటర్వ్యూల్లో మనిషి కదలడు, కనుక కర్రను చేత్తో పట్టుకోవలసిన పనే లేదు. లైటు స్టాండుకు బూమ్ హోల్డరు తగిలించి, దాని కాలి మీద ఇసుక సంచి వేసి, మైకును నోటికి ఒకటిన్నర అడుగుల పైన నిలిపి మీరు హెడ్‌ఫోన్ పెట్టుకుని వినడం మీద ధ్యాస పెట్టవచ్చు. అలాంటి షాట్లకు అల్యూమినియం కర్ర బరువైనా ఎవరికీ నొప్పి లేదు. ఇబ్బందల్లా ఒక్కటే, మనిషి లేచి బొమ్మ తేవడానికి అటక వైపు వెళితే మైకు అక్కడే ఉండిపోతుంది.

ఇప్పుడు డబ్బు సంగతి. కర్ర ఏదైనా ముందుగా మంచి షాక్ మౌంట్, బయట గాలికి బొచ్చు తొడుగు కొనండి. టేపుతో కట్టిన మైకు ఎంత గొప్ప కార్బన్ కర్ర మీదున్నా చేతి చప్పుడు పట్టేస్తుంది. మంచి మౌంట్ ఉంటే చవక కర్ర మీద కూడా పని జరుగుతుంది. మైకు మీదనే 80 హెర్ట్జ్ కింది శబ్దాన్ని కోసే మీట ఉంది, అది వాడితే మిగిలిన గుబగుబ కూడా తగ్గుతుంది. ఆ తరవాత మీ ముందు మూడు దారులుంటాయి. అల్యూమినియం కర్ర, మౌంట్, తొడుగు, ఒక స్టాండు కలిపి తీసుకుంటే మీ డబ్బులో కొంత మిగులుతుంది, దానికి కొంత కలిపి తరవాత ఒక కాలర్ మైకు కొనవచ్చు. అన్నయ్య మాటా మిత్రుడి మాటా కొంత నిలుస్తాయి, మీరు మాత్రం వైడ్ షాట్లలో ఎక్కువసేపు కర్ర ఎత్తి నిలబడలేరు, ఆ షరతు ముందే చెప్పుకోవాలి. కార్బన్ కర్రే కొంటే మీ శరీరానికి మంచిది, కర్ర ఏళ్ల తరబడి ఉంటుంది, కానీ మౌంట్‌కు డబ్బు చాలక మళ్లీ టేపు దగ్గరికే వస్తే కొన్న ప్రయోజనం పోతుంది. మూడోది, ఇప్పుడే ఏ కర్రా కొనకుండా కొద్ది రోజులు ఎండిన వెదురుతో నడపడం. ఇది నవ్వులాటకు చెప్పడం లేదు. 1929లో హాలీవుడ్ దర్శకురాలు డొరొతీ ఆర్జ్నర్ గాలపు కర్రకు మైకు కట్టించి నటి వెంట తిప్పించారని, బూమ్ అక్కడే మొదలైందని చెబుతారు. రెండు మీటర్లది ఒకటి, రెండున్నరది ఒకటి, కణుపులు నున్నగా చెక్కిన వెదుళ్లు తెచ్చి, కొసన బూమ్ కర్రలకు ఉండే 3/8 అంగుళాల మర బిగించి షాక్ మౌంట్ తగిలించండి. వెదురు ముడుచుకోదు, రైల్లో ఇబ్బంది, అయినా మీకు నిజంగా ఎంత పొడవు కావాలో కొద్ది షూటింగుల్లో మీ చేతికే తెలిసిపోతుంది. వెదురు మీద తేలిన కొలతతో ఆ తరవాత కొన్న కర్ర వృథా కాదు. విశాఖపట్నంలోనో హైదరాబాదులోనో అద్దెకు తెచ్చి చూడటం కూడా ఇలాంటిదే, ఖర్చు మాత్రం రానూపోనూ ప్రయాణంతో పెరుగుతుంది.

కర్ర దేనిదైనా ఒక హెచ్చరిక తప్పనిసరి. అల్యూమినియంలోనే కాదు, కార్బన్ ఫైబర్‌లో కూడా కరెంటు పారుతుంది. సన్నని వీధుల్లో డాబాల పక్కనుంచి వెళ్లే తీగలు, పెళ్లి ఊరేగింపులో తలల మీదుగా లాగిన సీరియల్ లైట్ల వైర్లు, పొలాల గట్ల మీద వేలాడే లైన్లు ఉన్నచోట కర్ర ఎత్తే ముందు తల ఎత్తి చూడటం అలవాటు చేసుకోండి. తీగ కింద ఉంటే ఆ చోటు మారమని దర్శకుడికి చెప్పే హక్కు కర్ర పట్టినవారిదే. ఉరుములు వినబడితే ఆరుబయట కర్ర ఎత్తవద్దు.

ఇక మైకు ఫ్రేములోకి దిగిన నింద. బూమ్ పట్టినవారికి ఫ్రేము కనబడదు, కనబడేది కెమెరా వెనక ఉన్నవారికే. అందువల్ల ప్రతి షాటుకు ముందు మైకును ఫ్రేములోకి దించి, మెల్లగా పైకి తీస్తూ, కనబడటం ఆగిపోయిన చోట కెమెరా మనిషి "చాలు" అని చెప్పాలి; ఆ గీత మీరు వెనక గోడ మీది ఏదో గుర్తుతో జ్ఞాపకం ఉంచుకోవాలి. షాటు మధ్యలో లెన్సు వైడ్ చేస్తే ముందే సైగ చేయడం అతని బాధ్యత. మొన్నటి షాటుకు ఈ పద్ధతి పాటించి ఉంటే ఏమయ్యేదో మీ మిత్రుడితో నిదానంగా మాట్లాడండి, నిందగా కాకుండా ఇకముందు పాటించే ఒప్పందంగా మాట్లాడండి. అన్నయ్యతో మాట్లాడేటప్పుడు నా భుజం అని మొదలుపెట్టకుండా, ఒకే మాటను కాలర్ మైకుతో, రోలరు కర్రతో, షాక్ మౌంట్ ఉన్న వెదురుతో రికార్డు చేసి ముగ్గురూ వరసగా హెడ్‌ఫోన్ పెట్టుకుని వినండి. డబ్బు లెక్కలు చూసే మనిషికి చెవితో విన్నది తొందరగా ఒప్పుదల కలిగిస్తుంది. అప్పటికీ ఆయన మూడు మీటర్లదే అంటే ఒప్పుకోవడంలో నష్టమేమీ లేదు. రెండు మీటర్లకే సాగదీసి వాడుకుంటానని, పూర్తి పొడవు చిన్న షాట్లకే అని ముందే చెప్పుకుంటే సరిపోతుంది.

బరంపురం స్టూడియో కర్ర చూడటానికి వెళ్లినప్పుడు మీ మైకు, రికార్డరు, హెడ్‌ఫోన్ తీసుకువెళ్లండి. ముందుగా కర్రను పూర్తిగా సాగదీసి ప్రతి ముక్కనూ పగటి వెలుగులో వేళ్లతో తడుముతూ చూడండి. కీళ్ల దగ్గర తెల్లని గీతలు, పీచు లేచిన చోట్లు, గోరు తగిలే చీలికలు ఉంటే ఆ కర్ర ఎప్పుడో కింద పడిందన్న మాట. తరవాత ప్రతి కీలునూ బిగించి రెండు వైపులా చేతులతో మెలితిప్పి చూడాలి, జారకూడదు. మైకు తగిలించి, హెడ్‌ఫోన్ పెట్టుకుని, మాట్లాడుతున్న ఇద్దరి మధ్య తిప్పినట్టు కర్రను ఎడమకూ కుడికీ వేగంగా తిప్పండి. లోపలి కేబుల్ గలగల, కీలు టకటక ఉంటే అప్పుడే వినబడతాయి. కేబుల్ చప్పుడు ఒక్కటే అయితే ఆ కేబుల్ తీసివేసి బయట చుట్టుకుని వాడవచ్చు, ధర తగ్గించి అడగండి. గొట్టంలో చీలిక కనబడితే మాత్రం ఎంత తక్కువకు ఇస్తానన్నా ఆ కర్రను అక్కడే వదిలి రండి.